సిపాయి వదిలి వెళ్ళిన కుర్చీ

"మాస్టారూ, మీరు తెలుగు చెప్పేవారు గదా! యజమాని మనసు కరిగేటట్టు ఒక అర్జీ వ్రాసి పెట్టండి," అన్నది ఆవిడ, గుమ్మంలోనే నిలబడి.

అది 2025 వేసవి. కాలేజీకి సెలవులు. ఆవిడ కొడుకు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఊళ్ళోనే ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు వ్రాస్తున్నాడు. మూడేళ్ళ క్రితం టెరిటోరియల్ ఆర్మీలో చేరాడు. ఏడాదికి రెండు నెలలు శిక్షణకు వెళ్ళి వచ్చి, మళ్ళీ తన లెక్కల ముందు కూర్చునేవాడు. ఈసారి వచ్చినది శిక్షణకు కాదు, కొలువుకు పిలుపు. ఎన్నాళ్ళకు తిరిగి వస్తాడో తెలియదు. కంపెనీవారు, "రాజీనామా ఇచ్చి వెళ్ళు, వచ్చిన తరువాత చూద్దాం," అన్నారట.

"చూద్దాం అన్న మాటకు అర్థం మీకు తెలియనిదా, మాస్టారూ?" అన్నది ఆవిడ.

తెలియకేం? మన భాషలో 'చూద్దాం' అంటే చాలాసార్లు 'లేదు' అనే అర్థం. ఆ ఇంట్లో సంపాదన అతనొక్కడిదే. మా ఆవిడ ఇచ్చిన కాఫీ ఆమె చేతిలోనే చల్లారిపోయింది.

ఆ రాత్రి కూర్చుని రెండు పేజీల అర్జీ వ్రాశాను. దయ, కరుణ, ఔదార్యం, అన్నీ అందులో ఉన్నాయి. తెల్లవారి మా వకీలు మిత్రుడికి చూపిస్తే, చదివి పకపకా నవ్వాడు.

"బాగుందోయ్! ఒక సీసపద్యం కూడ వేస్తే సరిపోయేది. హక్కు ఉన్నచోట బిచ్చం ఎత్తుతావేం?" అంటూ చట్టం తీసి ముందు పెట్టాడు.

టెరిటోరియల్ ఆర్మీ అంటే మనలో చాలామందికి ధోనీ గుర్తుకు వస్తాడు. 2011లో అతనికి గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చారు. కాని అతను ఏ కంపెనీలోను సెలవు చీటీ పెట్టుకోనక్కరలేదు. ఆ సైన్యంలో ఎక్కువమంది మామూలు సంసారులు. ఏదో ఒక వృత్తిగాని, ఉద్యోగంగాని చేసుకుంటూ, అవసరమైనప్పుడు తుపాకీ పట్టేవారు. 1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరల్ రాజగోపాలాచారిగారు ఈ సైన్యాన్ని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాలలో వీరూ పాలు పంచుకొన్నారు. 2025 మే నెలలో, అవసరమైతే వీరిని పిలుచుకోవడానికి కేంద్రప్రభుత్వం సైన్యాధిపతికి అధికారం ఇచ్చింది.

ఇక ఆ చట్టంలోని 7ఎ సెక్షను చెప్పేది ఇదీ: సేవకు పిలిచిన మనిషిని, సేవ ముగియగానే తిరిగి పనిలోకి తీసుకోవడం యజమాని విధి. అదీ ఎలాగ? మధ్యలో ఉద్యోగం ఆగకుండా ఉంటే అతనికి ఏ షరతులు వర్తించేవో, వాటికి తక్కువ కాకుండా. పిలుపు వచ్చిన తరువాత యజమాని అతన్ని పనిలోనుంచి తొలగిస్తే, బాధ్యత తప్పించుకోవడానికే అలా చేశాడని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసినవాడు యజమానే. ప్రావిడెంటు ఫండు వంటి హక్కులను గురించి 7బి సెక్షను వేరే ఉన్నది.

ఇరవై ఏళ్ళుగా మాటలతోనే బ్రతుకుతున్న నాకు ఒక్క మాట దగ్గర చూపు ఆగిపోయింది. నా రెండు పేజీలలో ఉన్నది 'దయ'. చట్టంలో ఉన్నది 'విధి'.

అయితే ఈ చట్టానికి పళ్ళు పదునుగా లేవన్నది కూడ దాచకూడదు. తిరిగి తీసుకోవడం వీలుకాదని యజమాని అంటే, తగువు నియమిత అధికారి ముందుకు వెళుతుంది. ఆయన యజమానిని మినహాయించవచ్చు, తీసుకొమ్మనవచ్చు, లేదా పరిహారం ఇమ్మనవచ్చు. ఆ పరిహారం ఆరు నెలల జీతానికి మించదు. ఉత్తర్వును ధిక్కరిస్తే పడే జుల్మానా వెయ్యి రూపాయలవరకే! ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే గాని, ఈనాడు కంపెనీ కాఫీ ఖర్చుకు రాదు.

యజమాని కష్టమూ లేకపోలేదు. ముగ్గురు పనిచేసే దుకాణంలో ఒకడు వెళ్ళిపోతే మూడోవంతు పని నిలిచిపోతుంది. మన పిల్లలెందరో ఉంటున్న అమెరికాలో ఇందుకు రెండు దారులు తొక్కారు. ఒకటి చట్టం: 1994లో చేసినది. ఒక యజమాని దగ్గర మొత్తం మీద సాధారణంగా అయిదేళ్ళవరకు సేవకు వెళ్ళినా ఉద్యోగం మీద హక్కు పోదు. కదిలే మెట్ల మీద అతను దిగిన మెట్టు కాదు, దిగకుండా ఉంటే ఈపాటికి ఏ మెట్టుకు చేరేవాడో అదే ఇవ్వాలి. రెండవది మెప్పు: 1972లో రక్షణశాఖ ఇందుకోసమే ఒక సంఘాన్ని పెట్టింది. సిపాయిగాని, అతని భార్యగాని పేరు పంపితే, సహకరించిన యజమానికి ప్రశంసాపత్రం ఇస్తారు. భయమూ, భక్తీ రెండూ ఉన్నాయన్నమాట.

అర్జీ చించి, అరపేజీ ఉత్తరం వ్రాశాను. అందులో సెక్షను సంఖ్య, పిలుపు వచ్చిన తేదీ, రాజీనామా ఇవ్వననే మాట, అంతే. కుర్రవాడు దానికి ఉత్తర్వు నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకొన్నాడు. మేనేజరు రెండుసార్లు చదివి, "ఇలాంటి చట్టం ఉన్నదని మాకెవరూ చెప్పలేదే!" అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు, తెలియనివాడు. మూడోనాటికి జవాబు వచ్చింది: జీతం లేని సెలవు, ఉద్యోగం పదిలం. కుర్రవాడు ఆ రాత్రి బండికే వెళ్ళాడు.

దసరా దాటిన తరువాత తిరిగి వచ్చాడు. మరునాడే పనిలో చేరాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చిన తల్లి ఈసారి కాఫీ వేడివేడిగా త్రాగి, "ఇంతకూ మొదట వ్రాసిన ఆ పెద్ద అర్జీ చించేశారటగా, పాపం!" అన్నది.

"చించినా ముక్కలు దాచానమ్మా," అన్నాను. "ఈసారి పిల్లలకు లేఖారచన చెప్పేటప్పుడు, ఎప్పుడు ఎలా వ్రాయకూడదో చూపించాలి గదా!"