ఫ్లోరైడ్ నేలకు సాగర్ నీరు

తాగునీటి నాణ్యతను ప్రయోగశాలకూ, నీటి ప్రవాహాన్ని ఇంజినీర్లకూ వదిలి రెండింటినీ వేర్వేరు విషయాలుగా చూడడం పరిపాటి అయినా, అవి ఒకదానిపై ఒకటి ఎంతగా ఆధారపడి ఉంటాయో ఒంగోలు ప్రాంతపు అనుభవం స్పష్టంగా చెబుతుంది. తీరం వైపు భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటే, పడమటి మెట్టలోని పొదిలి, దర్శి, కనిగిరి పరిసరాల్లో కంటికి తేటగా కనిపించే బోరునీటిలోనే ఫ్లోరైడ్ దాగి ఉంటుంది. ఈ సంగతి శాస్త్రలోకానికి కొత్తది కాదు. ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలు అక్కడి గ్రామాల్లో వెన్నెముక బిగుసుకుపోయి, కీళ్లు కదలక మంచం పట్టినవారి జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని చూపాయి. మన దేశంలో మనుషులకు సోకే ఫ్లోరోసిస్‌ను నమోదు చేసిన తొలి అధ్యయనాలు అవే.

రాతి నుంచి నీటిలోకి

ఇక్కడి నేల కింద ఉన్న గ్రానైట్, నైస్ వంటి కఠిన శిలల్లో అపటైట్, ఫ్లోరైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలు ఉంటాయి. రాతి పగుళ్లలో నిలిచిన నీరు వాటిని ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. అయితే రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీరు చెడిపోదు. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే అంత తేలికగా కరగని కాల్షియం ఫ్లోరైడ్ ఏర్పడుతుంది కనుక కాల్షియం దండిగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. మెట్టప్రాంతపు ఎండకు తేమ ఆవిరై కాల్షియం సున్నపు పదార్థంగా బయటపడిపోయి, సోడియం, బైకార్బనేట్ మిగిలిన క్షారజలంలో ఆ అడ్డు తొలగిపోవడంతో ఫ్లోరైడ్ పేరుకుపోతుంది. అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు నీరు తాగదగినదిగానూ, దాని పక్క బోరు నీరు పనికిరానిదిగానూ ఉండవచ్చు.

ఈ తేడాను రుచి గానీ వాసన గానీ పట్టివ్వవు. బోరు దగ్గరే గాజు గొట్టంలో కొంచెం నీరు పట్టి జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ద్రావణాన్ని వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది; రంగుకు ఆధారమైన జిర్కోనియంను ఫ్లోరైడ్ తనతో కలుపుకోవడమే దీనికి కారణం. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఆ హద్దు దాటిన నీటిని తాగుతూ పెరిగిన పిల్లల పళ్లపై మచ్చలు, గారలు ఏర్పడతాయి. అంతకంటే ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే ఎముకలు మందమై, కండర బంధనాలు సైతం గట్టిపడతాయి.

శుద్ధి చేసే మార్గాలు

నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయే గానీ ఫ్లోరైడ్ పోదు సరికదా, ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీటిలో వేసి బాగా కలిపి, తరువాత నెమ్మదిగా తిప్పి, తేరుకోనిస్తారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. చవకైనదే అయినా, నీటి క్షారత్వాన్ని బట్టి పటిక మోతాదు మార్చుకోవాలి, అడుగున మిగిలిన బురదను జాగ్రత్తగా పారబోయాలి. సన్నని పొర గుండా ఒత్తిడితో నీటిని నెట్టే ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను బాగానే తగ్గిస్తుంది గానీ, అది వదిలే వ్యర్థజలంలో ఆ ఫ్లోరైడంతా చిక్కబడి తిరిగి నేలనే చేరుతుంది. ఇవన్నీ అవసరమైన ఉపశమనాలే. శాశ్వత పరిష్కారం మాత్రం రాతినీటి స్థానంలో ఫ్లోరైడ్ తక్కువగా ఉండే నదీజలాన్ని తేవడమే.

కాలువ వెంట వచ్చే నీరు

1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడుదలైంది. 203 కిలోమీటర్ల పొడవున్న కుడికాలువ గుంటూరు, ప్రకాశం మైదానాలకు కృష్ణా నీటిని తెచ్చింది. ఆ నీరు పంపుల బలంతో కాక కాలువ అడుగున ఇచ్చిన అతి స్వల్పమైన వాలుతో నడుస్తుంది. వేగం తగ్గితే ఒండ్రు పేరుకుని, నాచు, గడ్డి పెరిగి కాలువ పూడుతుంది. మితిమీరితే గట్లు కోసుకుపోతాయి. గట్టు గరుకుదనం, పూడిక, ఊట నష్టం, దారిలో తోడేసే నీరు ఇవన్నీ కలిసి చివరి ఆయకట్టుకు ఎంత నీరు చేరుతుందో నిర్ణయిస్తాయి. ఒంగోలు ఆ చివరి భాగంలోనే ఉంది.

కాలువ కట్టేసిన నెలల కోసం నీటిని వేసవి నిల్వ చెరువుల్లో నింపి ఉంచుతారు. ప్రయాణం ముగిసిన ఆ చెరువులోనే నీటి నాణ్యత మళ్లీ మారడం మొదలవుతుంది. ఎండకు వేడెక్కిన పైపొర తేలికై పైనే ఉండిపోగా, చల్లని అడుగుపొరకు గాలి అందదు; అక్కడ ఆమ్లజని తరిగి ఇనుము, మాంగనీస్ బురద నుంచి నీటిలోకి కరుగుతాయి, దుర్వాసన పుడుతుంది. పత్తి, మిరప చేల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల నైట్రేట్, ఫాస్ఫేట్‌ల వల్ల పైపొరలో ఆకుపచ్చని నాచు పెరుగుతుంది. కనుక నీటిని ఏ లోతు నుంచి తీసుకోవాలన్నది శుద్ధికేంద్రం పనిభారాన్ని నిర్ణయించే ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

కుళాయి వరకు

శుద్ధి చేసిన నీరు సైతం పైపులో మళ్లీ చెడిపోవచ్చు. సరఫరా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతూ లోపలి ఒత్తిడి బయటి గాలి పీడనం కంటే పడిపోతే, నీరు బయటికి కారే అతుకుల నుంచే చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కుళాయి దగ్గర మిగిలి ఉండాలన్న నిబంధన ఇటువంటి ముప్పును దృష్టిలో ఉంచుకున్నదే. అందువల్ల పరీక్షలు శుద్ధికేంద్రం వద్దే ఆగిపోక, చివరి వీధి కుళాయి వద్దా జరగాలి.

1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు, శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల సొరంగాల ద్వారా వరద నీటిని పడమటి మండలాలకు మళ్లించే ఆశ కల్పించింది. అయితే నీటిని తేవడంతోనే పని పూర్తి కాదు. అది ఏడాది పొడవునా ఆగకుండా రావాలి. శాశ్వత దంతాల పింగాణీ ఏర్పడేది సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపే; అప్పుడు పడిన మచ్చలను తరువాత ఎంత మంచి నీరు తాగినా చెరిపేయలేరు. సరఫరా ఆగిన ప్రతి వేసవిలో ఊరు పాత బోరునే ఆశ్రయించవలసి వస్తే, ఆ లోటును భరించేది ఆ వయసు పిల్లలే. కనుక కాలువ పూడిక తీయడం, చెరువును సకాలంలో నింపడం, పైపులో ఒత్తిడి నిలపడం ఇంజినీరింగ్ పనులు మాత్రమే కావు. మెట్టప్రాంతంలో అవి నేరుగా ప్రజారోగ్య రక్షణ చర్యలు, నిధుల కేటాయింపులో వాటికి దక్కవలసిన స్థానం కూడా అదే.