కామా చేసే అర్థభేదం

ఒక తండ్రి ఆంగ్లంలో రాసిన వీలునామాలో ఈ వాక్యం ఉన్నదనుకుందాం: 'మై సన్స్ హూ లివ్ ఇన్ గుంటూరు షల్ గెట్ ది ల్యాండ్.' ఆయనకు నలుగురు కుమారులు. ఇద్దరు గుంటూరులోను, ఇద్దరు హైదరాబాదులోను ఉంటున్నారు. ఈ వాక్యం ప్రకారం పొలం గుంటూరులో ఉన్న ఇద్దరికే దక్కుతుంది. 'సన్స్' తరువాత ఒక కామా, 'గుంటూరు' తరువాత మరొక కామా పడితే, పొలం కుమారులందరిదీ అవుతుంది; పైగా అందరూ గుంటూరులోనే ఉన్నారన్న అర్థం వస్తుంది. ఒక్క మాట కూడా మారలేదు. అయినా అన్నదమ్ములు న్యాయస్థానం మెట్లెక్కడానికి ఆ రెండు గుర్తులు చాలు.

'హూ', 'విచ్' వంటి పదాలతో మొదలై నామవాచకాన్ని వివరించే ఉపవాక్యాన్ని ఆంగ్ల వ్యాకరణంలో రిలేటివ్ క్లాజ్ అంటారు. అది పలువురిలో కొందరిని వేరుచేసి చూపితే కామా ఉండదు. ఎవరో ముందే తెలిసినవారిని గురించి అదనంగా ఒక విషయం చెబితే ఇరువైపులా కామాలుంటాయి. 'ది గోదావరి, విచ్ రైజెస్ నియర్ నాసిక్, ఫ్లోస్ ఇంటు ది బే ఆఫ్ బెంగాల్' అన్న వాక్యంలో కామాలు తప్పవు. వేరుచేయడానికి మరొక గోదావరి లేదు కదా! కామాలున్న చోట 'దట్' వాడరు. కామా లేని చోట 'దట్'నే వాడితే మేలని హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో సూచించాడు గాని, అక్కడ 'విచ్' వాడడం తప్పు కాదు.

తెలుగు విద్యార్థికి ఇది కష్టంగా తోచడానికి కారణం మన వాక్యనిర్మాణమే. 'గుంటూరులో ఉన్న నా కుమారులు' అన్నప్పుడు 'ఉన్న' అనేది ధాతుజ విశేషణం. అది నామానికి ముందే వస్తుంది. మధ్యలో కామాకు చోటు లేదు. కొందరు కుమారులా, అందరూనా అన్నది సందర్భమే చెప్పాలి. స్పష్టత కావాలంటే 'గుంటూరులో ఉన్నవారికి మాత్రమే' అనాలి. మనకు 'మాత్రమే' చేసే పనిని ఆంగ్లంలో కామా లేకపోవడం చేస్తుంది. రెండర్థాలు పలకడం పింగళి సూరన రాఘవపాండవీయంలో అలంకారం; ఒకే పద్యం రామకథకూ భారతకథకూ అన్వయిస్తుంది. దస్తావేజులో మాత్రం అది దోషం.

సందేహం కలిగినప్పుడు ఉపవాక్యాన్ని తీసివేసి చదవాలి. పై వీలునామాలో 'మై సన్స్ షల్ గెట్ ది ల్యాండ్' అని మిగులుతుంది. తండ్రి ఉద్దేశం అదే అయితే కామాలుండాలి. గుంటూరులోని ఇద్దరికే ఇవ్వాలనుకుంటే ఉండకూడదు.