ఆవు ఒంటిమీద గడ్డలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఎన్నో ఇళ్లు పాల డబ్బుతోనే నడుస్తాయి. ఆవు ఒంటినిండా గడ్డలు లేస్తే "అమ్మవారు పోసింది" అని కొందరు వేపమండలు కట్టి ఊరుకుంటారు. వేపాకు పొగ మంచిదే, దోమలు పోతాయి. కానీ ఇది లంపీ చర్మరోగం. మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట బయటపడింది. వైరస్ అనే కంటికి కనబడని క్రిమి దీనికి కారణం. దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు దాన్ని ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు మోస్తాయి.

ముందు జ్వరం వస్తుంది. కళ్లు, ముక్కు కారతాయి. మేత ముట్టదు. పాలు తగ్గిపోతాయి. గడ్డలు ఆ తర్వాతే. అవి లేచేదాకా ఆగకండి. జ్వరం రాగానే ఆవును వేరుగా కట్టండి, పశువుల డాక్టరును పిలవండి. టీకా మాత్రం రోగం రాకముందే వేయించాలి.

మనుషులకు ఇది అంటదు. పాలు బాగా కాచి తాగవచ్చు.