‘లాస్ట్ ఎంత బ్రో?’ కంటే ముందు

పాత విల్లు అమ్ముతామని ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టినవాళ్లకు ముందుగా వచ్చే మెసేజ్ ‘లాస్ట్ ఎంత బ్రో?’ హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఫ్రిజ్ అయినా, ట్రెడ్‌మిల్ అయినా, గిటార్ అయినా బేరం మొదలయ్యేది అక్కడే. ఆన్‌సైట్ ఖాయమై ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఓఎల్ఎక్స్‌లోనో గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల్లోనో పెట్టే సామాను మధ్య విల్లు కనిపించినా వింతేమీ లేదు. ఆర్చరీలో మనవాళ్ల గెలుపులే చూడండి. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ (కొసల్లో చక్రాలున్న విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు సాధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జోడీ సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. 2025లో పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్స్‌లో కాంపౌండ్ స్వర్ణం గెలిచారు. 2028 లాస్ ఏంజెలిస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఇవన్నీ చూసిన పిల్లలు విల్లు కావాలని అడుగుతారు, కొందరు పెద్దలూ వీకెండ్‌కో సరదా కావాలనుకుంటారు. పోటీ స్థాయి సెట్ కొత్తది కొనాలంటే లెక్క లక్షల్లోకి పోతుంది కాబట్టి చూపు పాతవాటి మీద పడుతుంది. అందులో తప్పు లేదు. తప్పల్లా ధర గురించి అడిగినంత గట్టిగా విల్లు గురించి అడగకపోవడంలోనే ఉంది.

ఫోన్‌కి గీత పడితే ఫొటోలో కనబడుతుంది, కారు తిరిగిన దూరాన్ని మీటరు చెబుతుంది. విల్లుకు అలాంటి మీటరు లేదు. దాని ఆరోగ్యాన్ని తేల్చేది అది గడిపిన జీవితం. అందులో మొదటి ప్రశ్న డ్రై ఫైర్. బాణం పెట్టకుండా లాగి వదిలేయడాన్ని అలా అంటారు. మామూలుగా లింబ్‌లలో, అంటే విల్లు వంగే రెండు కొమ్ముల్లో దాచిన శక్తిలో ఎక్కువ భాగం బాణం పట్టుకుపోతుంది. బాణం లేనప్పుడు ఆ దెబ్బంతా తిరిగి లింబ్‌ల మీద, క్యామ్‌లనే చక్రాల మీద, స్ట్రింగ్ మీద పడుతుంది. ఇంటికొచ్చిన చుట్టం ముచ్చటపడి ఒక్కసారి లాగి వదిలినా చాలు. విల్లు అప్పటికి బాగానే కనిపించవచ్చు, వెంట్రుకవాసి చీలిక తర్వాత ఎప్పుడో, కొత్త యజమాని మొహానికి దగ్గరగా ఉన్నప్పుడు తెరుచుకోవచ్చు. రెండో ప్రశ్న హైదరాబాద్‌లో తప్పకుండా అడగాల్సింది: వేసవిలో విల్లును ఎక్కడ ఉంచేవారు? ఏప్రిల్, మే నెలల్లో బయటే నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో పార్క్ చేసిన కారు డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఆఫీసు అయ్యాక రేంజ్‌కి వెళ్లొచ్చని పొద్దున్నే విల్లును కార్లో పడేసుకునే అలవాటు లింబ్ పొరల్ని అతికించిన జిగురుకూ, స్ట్రింగ్‌కూ చేటు. మూడోది స్ట్రింగ్, కేబుళ్లు ఎప్పుడు మార్చారన్నది. రెండు మూడేళ్లయితే మార్చే ఖర్చు మీ లెక్కలో వేసుకోవాలి. కాంపౌండ్‌కి ఆ పని బౌ ప్రెస్ అనే బిగింపు యంత్రం మీదే చేయాలి, ఇంట్లో కుస్తీ పట్టేది కాదు.

దెబ్బ తినని విల్లు కూడా మీకు పనికిరాకపోవచ్చు. కాంపౌండ్‌ని ఎంత దూరం లాగాలో క్యామ్ నిర్ణయిస్తుంది. అక్కడికి రాగానే గోడ తగిలినట్టు ఆగిపోతుంది. చేతులు బార్లా చాపి వేలికొస నుంచి వేలికొసకు కొలిచి, ఆ అంగుళాలను రెండున్నరతో భాగిస్తే మీ డ్రా లెంగ్త్ సుమారుగా తేలుతుంది. చేతుల చాపు 165 సెంటీమీటర్లున్న మనిషికి అది 26 అంగుళాలు. ఆరడుగుల మనిషి 29 అంగుళాలకు బిగించుకున్న విల్లు ఎంత చవగ్గా వచ్చినా 26 అంగుళాలే కావలసినవారికి ఒళ్లు నొప్పులే మిగిలిస్తుంది. ఏ అంగుళం నుంచి ఏ అంగుళం దాకా సర్దుబాటు అవుతుందో, అందుకు క్యామ్‌కు బిగించే వేరే మాడ్యూల్ కొనాలో అడిగి తెలుసుకోవాలి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బంధువుల సామానులో వచ్చిన విల్లయితే ఇంకో మాట అడగాలి: ఇది వేట విల్లా, టార్గెట్ విల్లా? అమెరికాలో విల్లుతో వేట మామూలే, అక్కడి పాత సరుకులో అవే ఎక్కువ కనిపిస్తాయి. పొట్టిగా, 70 పౌండ్ల దాకా బిగించేలా ఉంటాయి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. ఇక ప్రపంచ ఆర్చరీ నియమాల ప్రకారం పోటీల్లో కాంపౌండ్‌ని లాగే బరువు 60 పౌండ్లు దాటకూడదు. వేటకు పనికిరాక, పోటీకి కుదరక గోడకు వేలాడే విల్లుకి ఏ ధరైనా ఎక్కువే.

చక్రాలు లేని రికర్వ్ విల్లులో మోసం చేసేది లింబ్ మీది అంకె. 36 పౌండ్లు అని రాసి ఉంటే 28 అంగుళాల దగ్గర ఆ బరువని అర్థం. అంగుళం తగ్గితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి 26 అంగుళాలు లాగేవారి చేతికి అందేది సుమారు 32. లింబ్‌లు ఐఎల్‌ఎఫ్ బిగింపువా, హోయ్ట్ ఫార్ములావా అని కూడా అడగాలి. ఒకదాని లింబ్‌లు రెండోదాని రైజర్‌లో, అంటే మధ్య పిడి భాగంలో కూర్చోవు. స్ట్రింగ్ ఎక్కించి వెనక నుంచి తీసిన ఒక్క ఫొటో పంపమంటే లింబ్ మెలితిరిగిందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. ‘బాణాలు ఫ్రీ’ అంటే సంబరపడిపోనక్కర్లేదు. అవి అమ్మేవాడి చేతికి కోసినవి. మీకు పొట్టివైతే లాగినప్పుడు మొన, బాణం ఆనే రెస్ట్ దాటి లోపలికి జారుతుంది. చీలిన కార్బన్ బాణమైతే వదిలే క్షణంలో విరిగి చేతిలోనే దిగొచ్చు.

ఇన్ని అడిగితే మాత్రం అబద్ధమాడేవాడు ఆడడా? ఆడతాడు. కానీ అడగడం వల్ల వచ్చేది సమాచారం ఒక్కటే కాదు, అమ్మేవాడి మౌనానికి అర్థమే మారిపోతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ఈ తేడాను ఒక గుర్రం ఉదాహరణతో చెబుతుంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ యజమాని ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కిందికి రాదు. అదే కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాట చెప్పినట్టే లెక్క. గుర్రం తీసి విల్లు పెట్టండి. ‘ఇది ఎప్పుడూ డ్రై ఫైర్ కాలేదు, లింబ్‌లలో చీలిక లేదు అన్న నమ్మకం మీదే తీసుకుంటున్నాను’ అని చాట్‌లో రాసినవారికీ, లాస్ట్ ఎంత అని మాత్రమే అడిగినవారికీ చట్టం దృష్టిలో బోలెడు తేడా ఉంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు, వ్యాపారంగా కాకుండా సొంత వస్తువును అమ్ముకునే వ్యక్తికి వర్తించవు. చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవాడేనన్నది 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలోనూ మూల సూత్రం. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇక్కడ చట్టానికి కూడా సరిపోతుంది. నలభై వేల విల్లు కోసం కోర్టు మెట్లెక్కేదెవరంటారా? ఎవరూ ఎక్కకపోవచ్చు. అయినా రాతలో జవాబివ్వాల్సి వచ్చినప్పుడు మనిషి కాస్త ఆగి ఆలోచిస్తాడు. ‘కండిషన్ సూపర్’ అని చెప్పే నోరు, ‘స్ట్రింగ్ ఏ నెలలో మార్చారు?’ అంటే తడబడుతుంది.

అయినా పాత విల్లు విషయంలో దొంగల కంటే తెలియనివాళ్లతోనే ఎక్కువ చిక్కు. కొడుకు ఆరు నెలలు ఆడి వదిలేసిన విల్లును అమ్మే తండ్రికి డ్రై ఫైర్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఆయన దాచడం లేదు, ఆయన దగ్గర చెప్పడానికే ఏమీ లేదు. మీ ప్రశ్నతో ఆయన కొడుకుని అడుగుతాడు, కొనుగోలు బిల్లు వెతుకుతాడు, సీరియల్ నంబరు ఫొటో తీస్తాడు. ఇన్ని అడిగితే విసుక్కుని వేరేవాళ్లకు ఇచ్చేస్తారన్న భయం ఉండేదే. అయితే ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే మెసేజ్‌లో, మర్యాదగా పంపితే విసుక్కునేవాళ్లు తక్కువ. అప్పటికీ విసుక్కున్నారంటే అది కూడా ఒక జవాబే.

గచ్చిబౌలిలో ఉన్నవాడి వస్తువు కోసం ఈ రాయబారాలెందుకు, వెళ్లి చూస్తే పోలా అనేవారున్నారు. వెళ్లాల్సిందే, వీలైతే కోచ్‌ను వెంటబెట్టుకుని. దూదిని లింబ్ అంచుల వెంట నడిపిస్తే లేచిన పోగు దగ్గర అది చిక్కుకుంటుంది. క్యామ్ ఒరిగిందేమో, తాడు మీద చుట్టిన సర్వింగ్ విడిపోయిందేమో కంటికే తెలుస్తుంది. కానీ మే నెల డిక్కీలో గడిపిన మధ్యాహ్నాలు ఏ దూదికీ తగలవు. పైగా సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ దాటి గంటన్నర ప్రయాణించాక ఖాళీ చేతులతో తిరిగి రావడానికి ఎవరికీ మనసొప్పదు, అక్కడే సర్దుకుపోతాం. ముందే అడిగిన ప్రశ్నలు ఆ ప్రయాణంలో సగాన్ని అవసరం లేకుండా చేస్తాయి. వస్తువు చూడకముందే అడ్వాన్సు అడిగితే, డబ్బు వాపసు పంపుతాను క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండంటే మాత్రం ప్రశ్నలు కూడా దండగ. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఈ తంటా అంతా ఎందుకు, చవకరకం కొత్తది కొంటే సరిపోదా అన్నది కాస్త బలమైన అభ్యంతరం. పూర్తిగా కొత్తవాళ్ల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఇంకా ఏ కన్ను ప్రధానమో, కుడిచేతి విల్లా ఎడమచేతిదా కూడా తేలనివాళ్లు మొదటి కొన్ని నెలలు రేంజ్‌లోని విల్లుతో నేర్చుకోవడమే మేలు. ఆ తర్వాత రికర్వ్ నేర్చుకునేవాళ్లు తక్కువ బరువు లింబ్‌లతో మొదలై బలం పెరిగేకొద్దీ మారుస్తూ పోవాలి. ప్రతి మెట్టులో కొత్తవి కొనమనడం సాధారణ ఉద్యోగి కుటుంబానికి చెప్పే సలహా కాదు. అక్కడే పాత లింబ్‌ల అసలు విలువ. ‘తెలియదు’ అన్న జవాబుకి కూడా ధర కట్టొచ్చు. స్ట్రింగ్ వయసు తెలియదంటే కొత్త సెట్ ఖర్చును ధరలోంచి తీసేయండి. డ్రై ఫైర్ సంగతి తెలియదంటే, కోచ్ పరీక్షించి సరేనన్నాకే డబ్బిస్తామనండి. దానికీ ఒప్పుకోకపోతే వదిలేయండి. ఐటీ కారిడార్‌లో ఆన్‌సైట్ ప్రయాణాలు ఆగేవి కావు, వచ్చే నెల ఇంకొకరు ఇల్లు ఖాళీ చేస్తారు.