వోల్టేజి పొంగునుండి ఇంటికి రక్షణ

వేసవిలో ఒక సాయంకాలము మబ్బు పట్టి, ఉరుములతో గాలివాన వచ్చును. ఊరిబయట ఎక్కడనో పిడుగు పడును. ఇంటిలోని దీపములు ఒక్కసారి మినుకుమని మరల వెలుగును. మరునాడు చూడగా టెలివిజను పలుకదు, రిఫ్రిజిరేటరు కదలదు. ఇంటిమీద పిడుగు పడలేదు గదా, ఇవి ఎట్లు చెడినవని గృహస్థుడు ఆశ్చర్యపడును. తెలుగునాట ఇది అరుదైన సంగతి కాదు. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశములో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి.

పొంగు అనగా నేమి?

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. కరెంటు తీగలమీదగాని, వాటి సమీపమునగాని పిడుగు పడినప్పుడు వాటిలోని వోల్టేజి కాగుచున్న పాలవలె ఒక్కసారి పైకి పొంగి, వేలకొలది వోల్టులకు చేరి, సెకండులో కొన్ని లక్షవ వంతుల కాలములోనే అణగిపోవును. దీనినే సర్జి అందురు. పెద్ద మోటార్లను ఆపినప్పుడు, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు కూడ చిన్న పొంగులు పుట్టును.

సాధారణ గృహోపకరణములు 2,500 వోల్టుల పొంగువరకు ఓర్చుకొనును. సున్నితమైన ఎలక్ట్రానిక్ సామగ్రి ఓర్పు 1,500 వోల్టులు మాత్రమే. ఆ హద్దు దాటినచో లోపలి భాగములు చెడును. ఫ్యూజుగాని, ఎం.సి.బి.గాని ఈ ఆపదను తప్పింపజాలవు. అవి తెగుటకు సెకండులో వందవ వంతు పట్టినను, అంతలో పొంగు వచ్చి తన పని ముగించుకొని పోవును.

చెరువునకు అలుగువలె

ఇందుకై మెయిను బోర్డువద్ద అమర్చు సాధనము సర్జి ప్రొటెక్టరు. దానిలో ముఖ్యమైనది జింకు ఆక్సైడుతో చేసిన ఒక బిళ్ళ. 1960 దశకము చివర జపానులో మిచియో మత్సువోకా దీనిని రూపొందించెను. అందులోని రేణువుల మధ్య ఒక్కొక్క సరిహద్దు సుమారు 3 వోల్టులను అడ్డగించును. అట్టి సరిహద్దులు వందకు పైగా వరుసగా నున్నందున 230 వోల్టులవద్ద బిళ్ళగుండా కరెంటు దాదాపు పారదు. వోల్టేజి పొంగిన క్షణముననే బిళ్ళ దారి యిచ్చి, ఆ ప్రవాహమును ఎర్తుకు మరల్చును. చెరువు నిండినప్పుడు అలుగు పారి కట్టను కాపాడునట్లే ఇది ఇంటిని కాపాడును.

కాని అలుగు దిగువనున్న కాలువ ఇరుకైనచో చెరువులో నీరు తగ్గునా? ఇక్కడనే అమర్చువాని నేర్పు బయటపడును.

ఒక మీటరు తీగలో ఏమున్నది?

6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ఒక మీటరు పొడవునకు నిరోధము సుమారు 3 మిల్లీఓములు. 8,000 ఆంపియర్ల పొంగు పారినను ఓము సూత్రము ప్రకారము దానిలో పడు వోల్టేజి 24 మాత్రమే. తీగ కొంత పొడవైన నేమి నష్టమని అనుభవముగల పనివాడు సైతము తలచుటకు ఇదే కారణము.

కాని పొంగు మెల్లగా వచ్చునది కాదు. తీగకు నిరోధమేగాక ప్రేరకత్వము కూడ కలదు. అది మీటరునకు సుమారు 1 మైక్రోహెన్రీ. కరెంటు మైక్రోసెకండునకు 1,000 ఆంపియర్ల చొప్పున పెరిగినచో ఒక్కొక్క మీటరు తీగలో 1,000 వోల్టులు నిలుచును. ప్రొటెక్టరు తనవద్ద పొంగును 1,500 వోల్టులకు అణచినదనుకొందము. దానిని కలుపు తీగల మొత్తము పొడవు 3 మీటర్లైనచో ఉపకరణములకు చేరునది 4,500 వోల్టులు. అదే తీగ అర మీటరైనచో 2,000 మాత్రమే. మొదటి ఇంటిలో టెలివిజను చెడును, రెండవ ఇంటిలో బ్రతుకును. రెండింట నున్నదీ ఒకే ప్రొటెక్టరు, ఒకే వెల. అందువలననే అంతర్జాతీయ ప్రమాణములు ఈ తీగల మొత్తము పొడవు అర మీటరు మించరాదని చెప్పుచున్నవి.

ఈ పొడవు ఫేజు తీగనుండి ప్రొటెక్టరు మీదుగా బోర్డులోని ఎర్తు పట్టీవరకు కొలువవలెను. ఇంటిలోని ఉపకరణముల ఎర్తు తీగలు కూడ అదే పట్టీకి చేరవలెను. ప్రొటెక్టరుకు వేరుగా గుంట త్రవ్వి, దానిని ఇంటి ఎర్తుతో కలుపకుండుట మేలు కాదు, కీడు. పొంగు వచ్చినప్పుడు రెండు ఎర్తుల మధ్య వేలకొలది వోల్టుల భేద మేర్పడును.

ఎవరిని పిలువవలెను?

బల్బులు, ఫ్యూజులు, స్విచ్చులు మార్చుటవంటి చిన్నపనులు తప్ప, ఇంటి వైరింగులో చేర్పులు, మార్పులు లైసెన్సు గల కంట్రాక్టరుచేతనే జరుగవలెనని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే కలదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ప్రకటించిన భద్రతా నిబంధనలును ఇట్లే విధించుచున్నవి. కావున మొదట అడుగవలసినది రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చిన లైసెన్సు, పనిచేయువాని పర్మిట్టు.

తరువాత కొన్ని ప్రశ్నలు వేయుట మంచిది. ముందుగా ఎర్తు నిరోధమును పరికరముతో కొలుచునా, లేక బల్బు వెలిగించి బాగున్నదని చెప్పునా? ప్రొటెక్టరు ఎక్కడ బిగించును, తీగల పొడవు ఎంత యుండును? దాని వెనుక తగిన ఫ్యూజుగాని, ఎం.సి.బి.గాని పెట్టునా? కేబులు టెలివిజను తీగ, మిద్దెమీది సౌరఫలకముల తీగలు వేరుదారిన లోనికి వచ్చుచున్నచో వాటికేమి చేయును? ఈ ప్రశ్నలకు విసుగుకొనక, కారణముతో జవాబు చెప్పువాడే తగినవాడు. పెట్టె వెల మాత్రము చెప్పి ఊరకుండువానికి పని అప్పగింపరాదు.

దీనికి గల హద్దులు

ఇల్లు ఎత్తైనదై, పిడుగు నేరుగా పడు అవకాశమున్నచో మిద్దెపై పిడుగు వాహకమును, మెయినువద్ద మొదటి తరగతి ప్రొటెక్టరును అవసరము. తక్కిన ఇండ్లలో బోర్డువద్ద రెండవ తరగతిది సాధారణముగా చాలును. వీధిలో న్యూట్రలు తీగ తెగినప్పుడు 400 వోల్టులవరకు ఇంటిలో నిలిచియుండవచ్చును. అది పొంగు కాదు, నిలువ వరద. జింకు బిళ్ళ దానిని ఆపలేక వేడెక్కి చెడును. దానికి వోల్టేజి హెచ్చినప్పుడు సరఫరాను తెంచు వేరొక సాధనము కావలెను.

ప్రొటెక్టరు శాశ్వతము కాదు. పెద్ద పొంగులను మ్రింగిన కొలది దాని శక్తి తగ్గును. పెక్కింటికి చిన్న కిటికీ యుండును. అది ఆకుపచ్చగా నున్నంతవరకు పనిచేయుచున్నట్లు, ఎరుపైనచో మార్చవలసినట్లు గుర్తు. పెద్ద గాలివాన వెలిసిన తరువాత ఆ కిటికీవైపు ఒకసారి చూచుట గృహస్థునికి అలవాటు కావలెను.