వార్తల్లో పదం: ఫిడే ఫెడరేషన్

చెస్ ఆటగాళ్లు దేశం మారారన్న వార్తల్లో వినిపించే మాట ఇది. ప్రపంచ చెస్ సమాఖ్య ‘ఫిడే’ దగ్గర ఎవరు ఏ దేశ సంఘం కింద నమోదయ్యారో చెబుతుంది. రేటింగ్ జాబితాలో పేరు పక్కన ఉండే ‘ఐఎన్‌డీ’, ‘యూఎస్‌ఏ’ అనే మూడక్షరాలు అవే. పాస్‌పోర్టు వేరు, ఇది వేరు.

పరాయి దేశంలో ఉంటూ అక్కడి జాతీయ పోటీలో ఆడాలంటే చాలాచోట్ల ఈ అక్షరాలు చూస్తారు. పౌరసత్వం, నివాసకాలం సంగతి ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. కాబట్టి లండన్‌లోనో డాలస్‌లోనో పిల్లల్ని టోర్నీలకు తిప్పే మనవాళ్లు ఎంట్రీ ఫీజు కట్టేముందే నిబంధనలు చదువుకోవడం మేలు. ఫెడరేషన్ మార్పుకు రుసుముంటుంది. టైటిల్ పెద్దదైతే రుసుమూ పెద్దదే. రష్యాలో పుట్టిన అనీశ్ గిరి 2009లో నెదర్లాండ్స్‌కు మారి, ఆ ఏడాదే డచ్ ఛాంపియనయ్యాడు.

బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ ఒకప్పుడు కామన్వెల్త్ దేశాలవారికీ తెరిచే ఉండేది. మన కోనేరు హంపి 2000, 2002ల్లో అక్కడ మహిళల టైటిల్ గెలిచింది. 2002లో ఆర్.బి.రమేశ్, 2003లో అభిజిత్ కుంటే ఏకంగా ప్రధాన టైటిలే పట్టుకొచ్చారు. ఆ తర్వాత తలుపు మూసేశారు.