వెండినక్కల మచ్చిక ప్రయోగం

వెండినక్కల మచ్చిక ప్రయోగం 1959లో సోవియట్ యూనియన్‌లో ఆరంభమైన జన్యుశాస్త్ర పరిశోధన. సాధుస్వభావం ఒక్కటే గీటురాయిగా జంతువులను ఎన్నుకొని తరతరాలుగా సంతతిని పెంచినప్పుడు, వాటి హార్మోనులలోనూ పిండాభివృద్ధిలోనూ ఏ మార్పులు కలుగుతాయో ఇది పరిశీలించింది.

నేపథ్యం

ప్రయోగకర్త డిమిత్రీ బెల్యాయెవ్ (1917–1985). లైసెంకో ప్రాబల్యం వలన ఆనాడు సోవియట్ దేశంలో జన్యుశాస్త్రం అణచివేతకు గురైంది. జన్యుశాస్త్రవేత్తయైన బెల్యాయెవ్ అన్న నికొలాయ్ 1937లో మరణశిక్షకు గురయ్యాడు. అందువలన ఈ పరిశోధన శరీరధర్మశాస్త్ర అధ్యయనం అనే పేరుతో మొదలైంది. బెల్యాయెవ్ అనంతరం లుద్మీలా ట్రూట్ (1933–2024) దీనిని కొనసాగించింది.

ఎంపిక విధానం

బొచ్చు కొరకు పెంచే నక్కలలో నుండి 30 మగవాటిని, 100 ఆడవాటిని తీసుకొన్నారు. మనిషి దగ్గరకు వచ్చినప్పుడు బెదరని, కరవని పిల్లలను గుర్తించి, మగవాటిలో సుమారు 5 శాతాన్ని, ఆడవాటిలో సుమారు 20 శాతాన్ని మాత్రమే సంతానోత్పత్తికి ఉంచారు. వాటికి ఎటువంటి శిక్షణా ఇవ్వలేదు.

హార్మోనులలో మార్పు

భయం, ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు కార్టిసోల్ మొదలైన హార్మోనులను స్రవిస్తాయి. 12 తరాల ఎంపిక తరువాత, సాధునక్కల రక్తంలో వీటి సాధారణ స్థాయి మామూలు నక్కలలోని స్థాయిలో సగానికి కొంచెం ఎక్కువగా మాత్రమే ఉంది. 28–30 తరాలకు అది మరల సగమైంది. మామూలు పిల్లలలో 6 వారాల వయస్సుకు కనిపించే బెదురు, సాధునక్కల పిల్లలలో 9 వారాలకు గాని కనిపించలేదు.

పిండ దశ

తల్లి రక్తంలోని కార్టిసోల్‌లో కొంత భాగం మావి ద్వారా పిండానికి చేరుతుంది. కాబట్టి సాధుగుణం పిల్లకు జన్యువుల నుండి వచ్చినదా, తల్లి గర్భంలోని హార్మోనుల వలన వచ్చినదా అనే ప్రశ్న తలెత్తింది. దీనిని తేల్చుటకు సాధునక్కల పిండాలను దూకుడు నక్కల గర్భంలోను, వాటి పిండాలను సాధునక్కల గర్భంలోను ప్రవేశపెట్టారు. పుట్టిన పిల్లలు మోసిన తల్లిని కాక, పిండాన్నిచ్చిన తల్లి వంశాన్నే పోలిన స్వభావం చూపాయి. అనగా గర్భంలోని వాతావరణం ఒక్కటే ఈ భేదానికి కారణం కాదు. పిండం తన జన్యువులలోనే ఆ స్వభావానికి మూలాన్ని తెచ్చుకొంటుంది.

ఎంపిక చేయని లక్షణాలైన నుదుటి తెల్లమచ్చ, వాలిన చెవులు కూడా కొన్ని నక్కలలో కనిపించాయి. అధివృక్క గ్రంథుల లోపలి భాగము, చర్మానికి రంగునిచ్చే కణాలు పిండంలోని ఒకే కణసముదాయం నుండి ఏర్పడతాయి. సాధుత్వానికి చేసిన ఎంపిక ఆ కణాలను ప్రభావితం చేయుటయే ఇందుకు కారణమని 2014లో ఒక ప్రతిపాదన వెలువడింది.

విమర్శ

ఈ నక్కల పూర్వీకులు కెనడాలోని పెంపకశాలల నుండి వచ్చాయని, మచ్చల వంటి కొన్ని లక్షణాలు 1959కి పూర్వమే వాటిలో ఉన్నాయని 2020లో కొందరు పరిశోధకులు చూపారు. కాబట్టి బాహ్య రూపంలోని మార్పులన్నిటినీ ఈ ఎంపికకే ఆపాదించుట సరికాదు. స్వభావంలో వచ్చిన మార్పును మాత్రం ఈ విమర్శ తోసిపుచ్చలేదు.